పిలుపు రాని ఇంజనీరు

పోయిన వారం మనం మోహన్‌రాజ్‌ను చెన్నై టి. నగర్‌లో ఒక బట్టల కొట్టు మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. చేతిలో కొత్త చొక్కా సంచీ, చెవి దగ్గర ఫోను, ఫోనులో యజమాని కోదండరాం గొంతు. షోళింగనల్లూరులో కడుతున్న అపార్ట్‌మెంట్లకు ప్రాజెక్ట్ మేనేజరుగా తననే వేస్తారని నమ్మి, ఆ రోజు తొడుక్కోవాలని ముందుగానే చొక్కా కొనుక్కున్నాడు పాపం. ఆ కుర్చీ సునయనకు ఇచ్చామని కోదండరాం రెండే రెండు మాటల్లో చెప్పి ఫోను పెట్టేశాడు.

సునయన ఎవరో కొత్తగా చదువుతున్నవారికి ఒక్క ముక్కలో చెబుతాను. తెనాలి వైపు పిల్ల. చదువు ముగించుకుని చెన్నైకి వచ్చి, ఇదే కంపెనీలో మోహన్‌రాజ్ కింద పని నేర్చుకుంది. నాలుగేళ్ళ క్రితం అప్పటి ప్రాజెక్ట్ మేనేజరు విక్రమ్ రాజీనామా ఇచ్చి, హైదరాబాదులో వేరే కంపెనీకి పోతూ తన మనుషుల్ని వెంటబెట్టుకు పోయాడు. వాళ్ళతో పాటు సునయన కూడా పోయింది. అక్కడి నుంచి బెంగుళూరులో ఇంకో కంపెనీకి మారింది. మారిన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కింది. ఇప్పుడు తిరిగి ఇక్కడికే వచ్చి, పని నేర్పిన మనిషికే పైఅధికారి అయి కూర్చుంది.

మోహన్‌రాజ్ మాత్రం పదహారేళ్ళుగా ఒకే కంపెనీ, ఒకే యజమాని. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరైనా ఉద్యోగం సంగతి అడిగితే ఆ మాట ఛాతీ ముందుకు పెట్టి చెప్పుకునేవాడు. ఈ వారం రోజులుగా చెప్పుకోవడం లేదు.

కట్టడాల పనిలో ఒక పద్ధతి ఉంది. పెద్ద ఇంజనీరు కంపెనీ మారితే ఒక్కడే మారడు. సర్వేయరు, ఫోర్‌మన్, స్టోర్ కీపరు, ఒక్కోసారి కారు డ్రైవరుతో సహా తనకు నచ్చిన వాళ్ళందరినీ పిలుచుకుంటాడు. పిలుపు వచ్చినవాడు పెట్టె సర్దుకుంటాడు, రానివాడు ఉన్నచోటే ఉంటాడు. నన్ను కూడా తీసుకుపోండి అని నోరు తెరిచి అడగడం మాత్రం ఎవరూ చెయ్యరు. అడిగి పోవడం పరువు తక్కువ. నాలుగేళ్ళ క్రితం మోహన్‌రాజ్ కూడా అడగలేదు. తనకే మొదటి పిలుపు వస్తుందని కాచుకుని కూర్చున్నాడు, అది రాలేదు. సునయనకు వచ్చింది. అదిగో, ఆ మంట అప్పుడు అంటుకుంది.

ఈ శుక్రవారం షోళింగనల్లూరు సైట్‌లో శ్లాబ్ వేసే రోజు. తెల్లవారుతూనే మోహన్‌రాజ్ పైకెక్కి కమ్మీలు, సెంట్రింగ్ చూసుకున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉన్నందుకు కూడా అతనికి ఒళ్ళు మండింది, ఎందుకంటే సునయన ముందు రోజే వచ్చి అంతా చూసుకుని పోయింది. టార్చి పట్టుకుని, గొంతుక్కూర్చుని, కమ్మీల కింద దూరం వేలితో కొలిచి చూడటం ఆమెకు నేర్పింది తనే. తన పనినే ఆమె తనకంటే బాగా చేస్తుంటే చూడటం అంత తేలిక కాదు. మెచ్చుకోవాలని నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

ఆమె తెల్ల హెల్మెట్ చూస్తే మంట. ఆమె కారును కూలీలు పక్కకు తప్పుకుని పోనిస్తుంటే మంట. మేస్త్రీ చిన్నస్వామి మనవరాలి పేరు గుర్తుపెట్టుకుని ఎలా ఉందని అడిగితే మరీ మంట, ఆ పేరు తనకు తెలియదు కాబట్టి. తనకు తెలుగు తప్ప రాదని ఒకప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్ల, ఇప్పుడు కాంక్రీటు బండి డ్రైవరును తమిళంలో దులిపేస్తోంది. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారే, మోహన్‌రాజ్ ఈ వారమంతా అదే పనిలో ఉన్నాడు. మంచివాడే, కాదనను. మంచివాళ్ళకు కుళ్ళు వస్తే దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు, అదే చిక్కు.

శ్లాబ్ వేసే ముందు ఈ కంపెనీలో ఒక ఆనవాయితీ. బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసి పగలగొడతారు. తరువాత మొదటి తట్ట కాంక్రీటు సైట్‌లో పెద్ద మనిషి తన చేత్తో ఈశాన్యం మూలన పోస్తాడు. ఆ పైన పంపు మొదలవుతుంది. విక్రమ్ పోయినప్పటి నుంచి ఈ కంపెనీ కట్టిన ప్రతి శ్లాబుకూ ఆ తట్ట మోహన్‌రాజ్‌దే. ఎవరూ అతన్ని అడిగేవాళ్ళు కాదు, అతనూ అడిగేవాడు కాదు, తట్ట దానంతటదే అతని చేతికి వచ్చేది.

ఈ రోజూ చిన్నస్వామి తట్ట ఎత్తుకుని వచ్చాడు. మోహన్‌రాజ్ అలవాటుగా రెండు చేతులూ చాపాడు. చిన్నస్వామి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. ముసలాయన ముఖం ఎర్రబడింది. తల వంచుకుని, చాపిన ఆ చేతుల పక్కగా నడిచి, తట్టను సునయన ముందుకు తీసుకుపోయాడు. కూలీలు, పంపు ఆపరేటరు, తట్టలు అందించే ఆడవాళ్ళు అందరూ చూశారు. మోహన్‌రాజ్ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"నాకు కాదు చిన్నస్వామి గారూ, సార్‌కివ్వండి. సారే వేస్తారు" అంది సునయన.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. లాక్కుంటే ఓర్చుకోవచ్చు, జాలిపడి ఇస్తే ఎలా ఓర్చుకుంటాడు?

"వద్దు మేడమ్" అన్నాడు మోహన్‌రాజ్. "అది పెద్దోళ్ళ పని. మాబోటోళ్ళకి ఎందుకు?"

అని, పలకల మెట్ల మీదుగా కిందికి దిగిపోయాడు. శ్లాబ్ పని ముగియకుండా అతను కిందికి దిగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

సైట్ ఆఫీసులో అతను సంచీ సర్దుకుంటుండగా సునయన వచ్చింది. పైన పంపు మోత మొదలైంది, అంటే తట్ట ఆమె వేసే వచ్చిందన్నమాట. అది కూడా గమనించాడు.

"మోహన్ సార్, ఒక్క నిమిషం కూర్చోండి."

"కూర్చోమంటే కూర్చుంటాను మేడమ్. ఉత్తర్వు కదా."

"ఆ మేడమ్ ఏంటి సార్? ఇక్కడెవరూ లేరు, నువ్వు అనండి. నన్ను అలాగే కదా పిలిచేవారు."

"ఎట్ట పిలిచేది? నిన్నటిదాకా ఈడ ఉండిన పిల్ల, రాజీనామా ఇచ్చేసి పోయి, ఊళ్ళు తిరిగొచ్చి నా నెత్తిన కూర్చునింది. నేను ఈడనే ఉండా. యాడికీ పోలేదు. దానికి నాకు ఇచ్చిన మర్యాద ఇది."

"కుర్చీ నేను అడిగి తెచ్చుకోలేదు సార్. కోదండరాం గారు పిలిచారు, వచ్చాను."

"అదే చెప్తా ఉండా. నిన్ను అందరూ పిలుస్తారు!" అతని గొంతు లేచింది. వారం రోజులుగా కాదు, నాలుగేళ్ళుగా లోపల దాచుకున్నది బయటికి వచ్చేసింది. "విక్రమ్ సార్ పోతా పోతా స్టోర్ కీపర్‌ను పిలిచినాడు. డ్రైవర్‌ను పిలిచినాడు. నిన్న మొన్న చేరిన నిన్ను పిలిచినాడు. ఆ సైట్‌లో అందరికన్నా సీనియర్ నేను. నన్ను సుమ్మా, ఊరికే ఒక మాటకైనా అడగలేదే, ఎందుకు? నాకు తెలుసులే. నేను పోయినానంటే నీకు ఆ సీటు వచ్చేది కాదు. నువ్వే ఏందో చెప్పి నా పేరు కొట్టించినావు."

సునయన హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇన్నాళ్ళూ మీరు అనుకుంటోంది ఇదా?"

"ఇంకేమనుకోవాల?"

"నేను ఒకరికి మాటిచ్చాను సార్. అందుకే నోరు మూసుకుని ఉన్నాను. కానీ మీరు నన్ను దొంగను చేస్తున్నారు కాబట్టి చెప్పక తప్పదు. విక్రమ్ గారు మొట్టమొదట పిలిచింది మిమ్మల్నే."

మోహన్‌రాజ్ నవ్వాడు. "నన్నా? యాడ? కలలోనా?"

"సైదాపేటలో, మీ ఇంట్లో. నేను కూడా ఆయనతో వచ్చాను. ఆ రోజు మీరు పెరంబూరు సైట్‌లో శ్లాబ్ వేయిస్తున్నారు. శ్లాబ్ రోజున మీరు ఫోను ముట్టుకోరని అందరికీ తెలుసు. విక్రమ్ గారు సాయంత్రం విమానానికి వెళ్ళిపోవాలి. అందుకని ఇంటికే వెళ్ళి చెబుదామన్నారు. మీ ఆవిడ శరణ్య గారే కాఫీ ఇచ్చారు. అంతా విన్నారు."

"విని?"

"మీరు రారని చెప్పారు."

పైన పంపు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. మోహన్‌రాజ్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"కోదండరాం గారిని వదిలిపెట్టి ఆయన రారండీ, మీరు అడిగితే కాదనలేక ఇబ్బంది పడతారు, అసలు అడగకండి అన్నారు. విక్రమ్ గారికి మీరంటే ఎంత గౌరవమో మీకు తెలుసు కదా. భార్య మాట అంటే మీ మాటే అనుకున్నారు. తరువాత శరణ్య గారు నన్ను వంటింట్లోకి పిలిచి, మేం వచ్చినట్టు మీకు చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నారు. సరేనన్నాను. తప్పో ఒప్పో, అన్నాను." సునయన హెల్మెట్‌ను బల్ల మీద పక్కకు జరిపింది. "మీరు ఒక్కసారి ఫోను చేసి నన్నెందుకు పిలవలేదని అడిగి ఉంటే విక్రమ్ గారే చెప్పేవారు. మీరు చెయ్యలేదు. నేను దీపావళికి, ఉగాదికి మెసేజ్ పెడితే కూడా జవాబివ్వలేదు."

నిజమే, ఇవ్వలేదు. ఆమె పంపిన శుభాకాంక్షలు చూసి పళ్ళు నూరుకుని ఫోను పక్కన పెట్టేసేవాడు.

"ఇంకొకటి కూడా చెప్పేస్తాను సార్. విక్రమ్ గారు సొంత కంపెనీ పెడుతున్నారు. విశాఖపట్నంలో పెద్ద పని దొరికింది. ప్రాజెక్ట్ మేనేజరు కావాలి. నన్నడిగితే మీ పేరు చెప్పాను."

కోరుకున్న పిలుపు చివరికి వచ్చింది. అది కూడా ఈమె నోటి నుంచి, ఈమె సిఫారసుతో వచ్చింది. మోహన్‌రాజ్‌కు సంతోషించాలో కొట్టాలో తెలియలేదు. సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు.

స్కూటరు మీద ఆ పొడుగాటి రోడ్డంతా అతనికి ఎండా తెలియలేదు, సిగ్నళ్ళూ తెలియలేదు. ఒకచోట ఆఫీసు క్యాబు డ్రైవరు తిట్టిన తిట్టు కూడా చెవికెక్కలేదు. ఒక్కటే ఆలోచన. శరణ్య అతని మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచి ఎరిగిన పిల్ల. రోజూ అన్నం దగ్గర కూర్చుని తను సునయనను తిట్టుకుంటుంటే మౌనంగా మజ్జిగ పోసిన మనిషి. అన్ని రోజులు ఎలా పోసింది?

ఇంటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పాప శ్రీప్రియ బడిలో ఉంది. శుక్రవారాలు శరణ్య ఇంటి నుంచే పని చేస్తుంది. హాల్లో కిటికీ పక్కన, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కంప్యూటరులో ఎవరెవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఎవరికో పని సరిగ్గా రాలేదని నెమ్మదిగానే, కానీ గట్టిగా చెబుతోంది. అవతలివాళ్ళు అవునవునంటున్నారు. ఈ దృశ్యం మోహన్‌రాజ్ ఎన్నోసార్లు చూసి పొంగిపోయాడు. నాలుగేళ్ళ క్రితం ఆమెను మేనేజరును చేసినప్పుడు సైట్ మొత్తానికి మైసూర్‌పాక్ పంచింది తనే. ఇవాళ గుమ్మంలో నిలబడి ఆ గొంతు వింటుంటే, కడుపులో మంట సునయనను వదిలేసి మెల్లగా ఇటు తిరిగింది. పరాయి పిల్ల మీద పడిన ఏడుపు వేరు. సొంత పెళ్ళాం మీద పడితే దాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

ఆమె మాట్లాడటం ముగిసేదాకా ఆగాడు. హెడ్‌ఫోన్లు తీసి, అతన్ని చూసి ఉలిక్కిపడింది.

"ఏంది బావా, శ్లాబ్ దినం ఈ టైమ్‌కి వచ్చినావు? ఒంట్లో బాగలేదా?"

"విక్రమ్ సార్ మనింటికి వచ్చినాడా?"

శరణ్య మూత పెట్టబోతున్న కంప్యూటరును అలాగే వదిలేసింది. అబద్ధం ఆడదల్చుకుంటే ఆ కాస్త సమయం చాలు. ఆమె ఆడలేదు.

"వచ్చినాడు."

"నేను రానని చెప్పినావా?"

"చెప్పినా."

"నన్ను అడగకనే? నా మాట నువ్వెట్ట చెప్తావు శరణ్యా? నాలుగేళ్ళు! నాలుగేళ్ళు ఆ పిల్ల మీద ఏడ్చినా. దాని తల్లిని, దాని ఊరిని తిట్టినా. నువ్వు వింటా కూర్చున్నావే. నోట్లో నుంచి ఒక్క మాట రాలేదే నీకు?"

"రాలేదు. వచ్చి ఉంటే ఆ పొద్దే తీరిపోయి ఉండేది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ గొంతు తగ్గలేదు. "నువ్వు దాన్ని తిట్టిన ప్రతి తూరీ నన్ను తిట్టినట్టే ఉండె నాకు. చెప్పేద్దామని నోరు తెరిచేదాన్ని. నీ ముఖం చూసి మూసుకునేదాన్ని. నీ మాట నేను చెప్పడం తప్పే. ఒప్పుకుంటా. ఎందుకు చెప్పినానో అది కూడా విను."

"చెప్పు."

"ఆ పొద్దున ఆఫీసులో నన్ను మేనేజర్ చేస్తామని చెప్పినారు. నీకు చెప్పాలని కాచుకొని ఉండా. తలుపు కొట్టిన శబ్దం వింటే నువ్వే వచ్చినావనుకొని పరిగెత్తినా. చూస్తే విక్రమ్ సార్. హైదరాబాద్ అన్నారు, వచ్చే నెలే అన్నారు. నిన్ను అడిగితే ఏమంటావో నాకు తెలుసు. సరి అంటావు. ఇంటికొచ్చి, పెట్టెలు సర్దు, పోతా ఉండాం అంటావు."

"నీకు ఇష్టం లేదంటే..."

"ఎప్పుడు అడిగినావు నా ఇష్టం?" శరణ్య లేచి నిలబడింది. "తిరుచ్చిలో సైట్ అన్నావు, ఉద్యోగం మానేసి వచ్చినా. ఆడ ఇంకొకటి వెతుక్కొని కుదురుకుంటా ఉండా అనేసరికి హోసూర్ అన్నావు. అది కూడా మానేసినా. కోయంబత్తూరు అన్నావు, పాప కడుపులో ఉండింది, అయినా మానేసి వచ్చినా. మళ్ళా ఈ ఊరికి వచ్చినాక నాకంటే చిన్నపిల్లల కింద చేరినా. నీకు సునయన పైన ఉండేదానికి వారం దినాలకే కడుపు మండిపోతా ఉందే, నేను ఎన్నేళ్ళు అట్ట కూర్చున్నానో ఎప్పుడైనా అడిగినావా?"

మోహన్‌రాజ్ భుజాన ఉన్న సంచీ తీసి కింద పెట్టాడు.

"పెండ్లిళ్ళలో చెప్తావే, పదహారేళ్ళు ఒకే కంపెనీ, ఒక్క రాజీనామా ఇయ్యలేదని. నిజమే, నువ్వు ఇయ్యలేదు. ఈ ఇంట్లో రాజీనామాలన్నీ నేనే ఇచ్చినా."

అతను సోఫా చేతి మీద కూలబడ్డాడు. కోపం పోలేదు. పోయి ఉంటే ఎంతో బాగుండేది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదని తెలుసు, తెలిసినా తనకు రావలసిన పిలుపును వేరొకరు తిప్పి పంపారన్న మంట ఆరలేదు. ఆమె పేరు పక్కన మేనేజరు అన్న మాట కనిపించినప్పుడల్లా, ఇకమీదట అది తన దగ్గర నుంచి తీసుకున్నదే అనిపిస్తుంది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వంటింట్లో కుక్కరు కూత వేసింది. శరణ్య పోయి పొయ్యి ఆపి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"విక్రమ్ సార్ వైజాగ్‌లో కొత్త పని మొదలు పెడతా ఉండాడంట" అన్నాడు మోహన్‌రాజ్ నేల చూస్తూ. "ఈ తూరి కూడా నన్ను..."

"తెలుసు. పొద్దున నాకు ఫోన్ చేసినారు."

అతను తల ఎత్తాడు. "నీకా?"

"నీ సంగతి నన్నడిగితే తెలుస్తుందని అనుకుంటా ఉండారు ఇంకా. ఈసారైనా ఆయన వస్తారా అమ్మా అని అడిగినారు. ఇప్పుడే చెప్పాల, లేదంటే వేరే మనిషిని చూసుకుంటా అన్నారు."

"నువ్వేమి చెప్పినావు?"

శరణ్య అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"వస్తాడని చెప్పినా బావా. నేను రానని కూడా చెప్పినా."